ఒకే సంఘము – ఒకే వేతనము

పదిమంది కూర్చుండి ఒక కార్యమును నిశ్చయించునపుడు అందఱి మాటయు ఒకే తూనికగా చెల్లుచున్నదా యను ప్రశ్న మన స్త్రీలకు క్రొత్తది కాదు. ఉమ్మడి కుటుంబములలో మెలగిన ప్రతి స్త్రీయు దీని నెఱుగును. పండుగనాడు పెద్దకోడలికి పట్టుచీరయు, చిన్నకోడలికి నూలుచీరయు తెచ్చిన యింట, సాయంకాలము పెండ్లి సంబంధముల ముచ్చట వచ్చినపుడు చిన్నకోడలు నోరు విప్పదు. ఆమెను మాటలాడవలదని యెవ్వరును శాసింపలేదు. చీరయే ఆ శాసనమును చేసినది.

రాజ్యపాలనమందును ఇట్టి చిక్కు కలదు. ఒకే సంఘమున సభ్యులై, ఒకే ప్రశ్నను విచారించి, తలకొక ఓటు చొప్పున నిర్ణయము చేయు అధికారులకు వేతనము సమానముగా నుండవలెనా, లేక హెచ్చుతగ్గులుండిన దోషము లేదా? ఇది ఢిల్లీ పెద్దల జీతముల గొడవ, మన కేమి పనియని పాఠకురాండ్రు పుట త్రిప్పివేయవలదని నా మనవి. ఏలయన నేను చెప్పబోవు కథ మన వ్రేలిపై సిరాగుర్తు పెట్టించు ఎన్నికల సంఘమునకు సంబంధించినది. ఆ సంఘమునకును మన స్త్రీలకును గల సంబంధము మొదటినుండియు దగ్గఱిది.

ఎన్నికల సంఘము 1950 జనవరి 25వ తేదీన, అనగా మన గణతంత్రమునకు ఒక్కదినము ముందుగా ఏర్పడెను. ఆ సంవత్సరము మార్చి నెలలో సుకుమార్ సేన్ గారు మొదటి ప్రధాన కమిషనరుగా నియుక్తులైరి. 1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలకు ఓటరుల పట్టికలు తయారుచేయు కాలమున ఉత్తరదేశమందలి కొన్ని రాష్ట్రములలో స్త్రీలనేకులు తమ పేరు చెప్పుటకు ఇష్టపడక, ఫలానావారి భార్యననియు, ఫలానావాని తల్లిననియు మాత్రమే వ్రాయించుకొనిరి. ఓటరునకు స్వంతపేరు ఉండితీరవలెనని సుకుమార్ సేన్ గారు పట్టుపట్టిరి. పేరు చెప్పుటకు గడువిచ్చినను చెప్పనివారి పేర్లు పట్టికలనుండి కొట్టివేయబడెను. అట్లు ఓటు కోల్పోయిన స్త్రీలు సుమారు 28 లక్షలు. ఆనాడు అది కఠినమైన నిర్ణయముగా తోచినను, తరువాతి ఎన్నికలనాటికి స్త్రీలు తమ పేర్లతోనే పట్టికల కెక్కిరి. ఒక్క అధికారి చేసిన ఒక్క నిర్ణయము ఇన్ని లక్షలమంది స్త్రీలను తాకినది. అట్టి నిర్ణయములు చేయువారు ఒక్కరుగా నుండవలెనా, పలువు రుండవలెనా, పలువు రున్నచో వారిలో నెవరి మాట యెంత చెల్లవలెను అనునవి మనకు పట్టని ప్రశ్నలు కావు.

మన రాజ్యాంగము 324వ అధికరణమున ఈ సంఘమునుగూర్చి చెప్పుచు, ఒక ప్రధాన కమిషనరును, రాష్ట్రపతి యెప్పటికప్పుడు నిర్ణయించు సంఖ్యలో ఇతర కమిషనరులును ఉందురని విధించినది. ఐనను 1950 మొదలుకొని 39 సంవత్సరములు ఇతర కమిషనరుల నెవ్వరిని నియమింపక, ప్రధాన కమిషనరు ఒక్కరే సంఘమంతయు తామై నడపిరి. 1989 అక్టోబరు 16వ తేదీన, లోకసభ ఎన్నికలు తలుపు తట్టుచున్న సమయమున, ఆర్. వి. ఎస్. పేరిశాస్త్రి గారు ప్రధాన కమిషనరుగా నుండగా, ఎస్. ఎస్. ధనోవా, వి. ఎస్. సీగెల్ అను నిరువురిని ఇతర కమిషనరులుగా నియమించిరి. ఎన్నికలు ముగిసి ప్రభుత్వము మారినది. 1990 జనవరిలో ఆ రెండు పదవులును రద్దయినవి. వచ్చి మూడు నెలలు నిండకుండగనే ఆ యిరువురును ఇండ్లకు పోవలసివచ్చెను. ధనోవా గారు సుప్రీముకోర్టునకు మొఱపెట్టుకొనిరి గాని 1991 జులైలో వారి దావా కొట్టివేయబడినది. ఆ తీర్పున న్యాయమూర్తు లొక మాట అనిరి. ప్రధాన కమిషనరు సమానులలో మొదటివాడు మాత్రమే కాడనియు, ఇతరులకంటె స్పష్టముగా నున్నతమైన స్థానమున నుంచబడినవాడనియు ఆ మాట సారాంశము. ఈ మాటను పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొందురు గాక.

నడుమ మన తెలుగువారు గర్వింపదగిన చిన్న ఘట్టము కలదు. 1990 నవంబరు 26వ తేదీన, పశ్చిమగోదావరి జిల్లా చేబ్రోలున జన్మించిన వి. ఎస్. రమాదేవి గారు ప్రధాన ఎన్నికల కమిషనరు పదవి నధిష్ఠించిరి. ఆ పీఠమున కూర్చుండిన మొదటి స్త్రీ వారే. డిసెంబరు రెండవవారమున టి. ఎన్. శేషన్ గారు వచ్చువఱకు, అనగా సుమారొక పక్షముపాటు మాత్రమే వారు ఆ పదవియందుండిరి. పిమ్మట రాజ్యసభకు సెక్రటరీ జనరలుగను, హిమాచలప్రదేశ్, కర్ణాటక రాష్ట్రములకు గవర్నరుగను పనిచేసిరి. అప్పటినుండి 2025 వఱకు ఆ ప్రధాన పీఠమున మఱియొక స్త్రీ కూర్చుండలేదు. రమాదేవిగారికి ఆ పదవియం దున్న దినములకు పురుషునికంటె ఒక్క పైసయైన తక్కువ వేతన మీయవలెనని యెవ్వరును తలంపలేదు. పీఠమునకు వేతనము గాని, కూర్చుండిన మనిషి స్త్రీయా పురుషుడా యను దానికి కాదు గదా. ఇంత స్పష్టమైన న్యాయము ప్రక్కప్రక్కనున్న రెండు పీఠములకు అన్వయింపజేయబోగా మాత్రము పెద్ద వివాదమే పుట్టినది.

1991లో పార్లమెంటు ఎన్నికల కమిషనరుల వేతనాదులనుగూర్చి ఒక చట్టము చేసినది. దాని ప్రకారము ప్రధాన కమిషనరునకు సుప్రీముకోర్టు న్యాయమూర్తితో సమానమైన జీతము. ఇతర కమిషనరులకు హైకోర్టు న్యాయమూర్తితో సమానమైన జీతము. ఆ కాలపు లెక్కలో మొదటివారికి నెలకు 9,000 రూపాయలు, రెండవవారికి 8,000 రూపాయలు. పదవీవిరమణమునకు ప్రధానునికి 65 సంవత్సరములు, ఇతరులకు 62 సంవత్సరములు. వేయి రూపాయల భేదము ఒక పెద్ద అధికారి సంసారమునకు గొప్పది కాకపోవచ్చును. ఐనను ఆ వేయి రూపాయలు చెప్పు అర్థము గొప్పది. ఒకరు సుప్రీముకోర్టు మెట్టుపై నిలిచినవారు, తక్కినవారు హైకోర్టు మెట్టుపై నిలిచినవారు. క్రింది మెట్టువాడు పై మెట్టువానితో నీ అభిప్రాయము తప్పని చెప్పగలడా? చెప్పినను అది చెల్లునా?

1993 అక్టోబరు 1వ తేదీన ఈ యేర్పాటు తలక్రిందులైనది. ప్రభుత్వము ఎం. ఎస్. గిల్, జి. వి. జి. కృష్ణమూర్తి గార్లను కమిషనరులుగా నియమించి, ఆ దినముననే ఒక ఆర్డినెన్సు ప్రకటించినది. మువ్వురికిని సుప్రీముకోర్టు న్యాయమూర్తి జీతమే. మువ్వురికిని ఆఱు సంవత్సరములు గాని, 65వ యేడు వచ్చువఱకు గాని పదవీకాలము. సాధ్యమైనంతవఱకు ఏకాభిప్రాయముతో నడువవలెను; అభిప్రాయభేదము వచ్చినచో మెజారిటీ మాట చెల్లవలెను. 1994 జనవరిలో ఇదియే చట్టమైనది. జీతముతోపాటు చట్టము పేరును మారినది. పూర్వపు పేరున ప్రధాన కమిషనరు, ఇతర కమిషనరులు అని రెండు తెగలుండెను. క్రొత్త పేరున ఎన్నికల సంఘము, ఎన్నికల కమిషనరులు, సంఘకార్యనిర్వహణము అను మాటలే మిగిలినవి. పెద్దకోడలు, చిన్నకోడలు అను పిలుపులు పోయి కోడండ్రు అను పిలుపు వచ్చినట్లైనది.

శేషన్ గారు దీనిని సహింపలేదు. వారప్పటికే ఎన్నికల అక్రమముల నడచుటలో దేశమంతట పేరుగాంచియుండిరి. గోడలపై వ్రాతలు, అర్ధరాత్రి మైకులు, లెక్కకు మిక్కిలి వాహనములు వారి పేరు చెప్పిన వెనుకంజవేయుచుండెను. తన చేతులు కట్టివేయుటకే ఈ యిరువురిని తెచ్చి, తనతో సమానమైన జీతమిచ్చి, ఇద్దఱొకటై తన్నోడించునట్లు మెజారిటీ నియమము పెట్టిరని వారి ఆరోపణము. ఎన్నికలలో పోటీ చేయునది ప్రభుత్వపక్షమే. కమిషనరులను నియమించునదియు ఆ ప్రభుత్వమే. కావున ఆ యనుమానమును ఊరక త్రోసివేయుటకు వీలులేదు. వారు సుప్రీముకోర్టున దావా వేసిరి. 1993 నవంబరులో కోర్టువారు తాత్కాలికముగా శేషన్ గారికే సంపూర్ణమైన పైచేయి నిచ్చిరి. తుదకు 1995 జులై 14వ తేదీన ప్రధాన న్యాయమూర్తి ఎ. ఎం. అహ్మదీ గారితో కూడిన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ చట్టము చెల్లునని తీర్పు చెప్పినది.

ఆ తీర్పు సారము మన స్త్రీలకు సులభముగా బోధపడునట్టిది. పలువురు సభ్యులు గల సంఘమునకు అధ్యక్షుడైనవాడు సభను నడపును, కార్యక్రమమును క్రమపఱచును. అంతమాత్రమున తక్కినవారు అతని సలహాదారులు కారు. ఇతరులు కేవలము సలహా చెప్పువారే యైనచో వారిని నియమించి ప్రయోజనమేమి? కమిషనరులు కుట్రపన్ని ప్రధానుని ప్రతిదినము ఓడింతురని ముందుగనే ఊహించుట తగదు. 1991లో చెప్పిన యున్నతస్థానపు మాటను ఈ ధర్మాసనము అంగీకరింపక, ప్రధానుడు సమానులలో మొదటివాడని నిశ్చయించినది. శేషన్ గారు ఆ తరువాతను 1996 డిసెంబరు వఱకు పదవియందుండి, ఆ యిరువురితో కలసి 1996 సార్వత్రిక ఎన్నికలను నడపిరి. సంఘము కూలిపోలేదు. అది మొదలు మువ్వురు కూర్చుండుటయే ఆచారమైనది.

ఇక సమాన వేతనమునకు ప్రతికూలముగా చెప్పదగిన మాటలను న్యాయముగా విచారింతము. మొదటిది: ప్రధానునికి పనిభారము హెచ్చు, కచేరి చూచుకొనవలెను, సభలను పిలువవలెను, నింద వచ్చిన ముందుగా తానే మోయవలెను, కావున జీతమును హెచ్చుగా నుండవలెను. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని హెచ్చు భారమునకు ప్రతిఫలమీయుటకు జీతమొక్కటే దారియా? మన కేంద్రమంత్రుల పద్ధతిని చూడుడు. ప్రధానమంత్రికిని, ఇతర మంత్రులకును మూలవేతనము పార్లమెంటు సభ్యుని వేతనమే. భేద మెక్కడనగా, వచ్చిన వారికి మర్యాదలు జరుపుటకై యిచ్చు సత్కారభత్యమున. 2018 నాటికి అది ప్రధానమంత్రికి నెలకు 3,000 రూపాయలు, క్యాబినెట్ మంత్రికి 2,000, రాజ్యమంత్రికి 1,000. ఎవరి యింటికి అతిథులు హెచ్చుగా వత్తురో వారికి కాఫీ ఖర్చు హెచ్చుగా ఇచ్చుట. ఇది గృహిణి కెంత తెలిసిన న్యాయము! వంటయిల్లు చూచుకొను తోడికోడలి చేతికి బియ్యము, నెయ్యి, కట్టెల ఖర్చు హెచ్చుగా నిత్తుము. అది ఆమె సొత్తు కాదు, ఆ పని సొత్తు. పండుగ చీర మాత్రము అందఱకు ఒకే వెలది తెత్తుము. భారమునకు భత్యము, సభ్యత్వమునకు జీతము అని రెంటిని వేఱుపఱచిన తగవు సగము తీఱును.

రెండవ ఆక్షేపణ మింతకంటె బలమైనది. సుప్రీముకోర్టుననే జీతములు సమానములు కావు గదా! 1950లో ప్రధాన న్యాయమూర్తికి 5,000 రూపాయలు, ఇతర న్యాయమూర్తులకు 4,000 రూపాయలు అని రాజ్యాంగమే వ్రాసినది. 2016 జనవరి 1 నుండి వర్తించిన లెక్క ప్రకారము ప్రధాన న్యాయమూర్తికి 2,80,000, ఇతరులకు 2,50,000. ఐనను ఇతర న్యాయమూర్తుల నోరు మూతపడలేదు. ముమ్మారు తలాకును గూర్చి 2017 ఆగస్టు 22వ తేదీన వచ్చిన తీర్పును పాఠకురాండ్రు మఱచియుండరు. అయిదుగురిలో మువ్వు రొకవైపు, ఇద్దఱొకవైపు నిలిచిరి. ప్రధాన న్యాయమూర్తి జె. ఎస్. ఖేహర్ గారు ఆ యిద్దఱి పక్షమున నుండిరి. హెచ్చు జీతము పుచ్చుకొను వారి మాట ఓడినది. తక్కువ జీతము గల మువ్వురి మాట చట్టమై ఎందఱో ముస్లిం సోదరీమణుల కాపురములను తాకినది. కావున జీతభేదము గలచోట నెల్ల మాట చచ్చుననుట అతిశయోక్తియే యగును.

కాని యిచ్చట నొక సూక్ష్మము గమనింపవలెను. న్యాయమూర్తులలో పెద్దకును చిన్నకును పదవిరక్షణము సమానము. వారిలో నెవ్వరిని తొలగింపవలెనన్నను పార్లమెంటు ఉభయసభలును విశేష మెజారిటీతో తీర్మానింపవలసినదే. ప్రధాన న్యాయమూర్తికి కోపము వచ్చినంత మాత్రమున ప్రక్క న్యాయమూర్తి యుద్యోగము పోదు. ఎన్నికల సంఘమున నట్లు కాదు. 324వ అధికరణము ప్రకారము ప్రధాన కమిషనరును మాత్రమే న్యాయమూర్తి వలె తొలగింపవలెను. ఇతర కమిషనరులనన్ననో, ప్రధాన కమిషనరు సిఫారసు చేసినచో తొలగింపవచ్చును. నియామకము తరువాత వేతనాదులను నష్టము కలుగునట్లు మార్చరాదను రాజ్యాంగరక్షణమును ప్రధానునికే పేర్కొనబడినది. ప్రభుత్వమువారు తమ యిచ్చవచ్చినట్లు కమిషనరులను తీసివేయకుండుటకే ఈ సిఫారసు నియమము పెట్టిరి, ఉద్దేశము మంచిదే. ఐనను ఒకని పీఠము మఱియొకని కలమున కొంత ముడిపడియున్న తావున, జీతమును తక్కువ చేసినచో రెండు తూకపురాళ్లును ఒకే సిబ్బెలో పడును. న్యాయస్థానమున సహింపదగిన భేదము ఎన్నికల సంఘమున సహింపరానిదగుట కిదియే కారణమని నాకు తోచుచున్నది.

ప్రాచీనుల మాటయు నొకింత చూతము. కౌటిల్యుని అర్థశాస్త్రమున అయిదవ అధికరణమునందు రాజసేవకుల వేతనముల పట్టిక కలదు. ఋత్విజుడు, ఆచార్యుడు, మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు, రాజమాత, పట్టమహిషి – వీరందఱకు తలకు 48,000 పణములు. సేనాపతికిని రాజమాతకును ఒకే లెక్క యనుట మన పాఠకురాండ్రకు ఇంపుగొలుపును. ఇంత హెచ్చుగా నేల యీయవలెననగా, అంత భరణము గలవారు పరుల ప్రలోభమునకు లోబడరు, కినుక వహింపరు అని కౌటిల్యుడు హేతువు చెప్పినాడు. వేతనము కేవలము శ్రమకు కూలి కాదనియు, నిష్పక్షపాతమునకు కంచె యనియు ఆయన యెఱిగియుండెను. ఐతే ఆ పట్టికయందే మంత్రిపరిషత్తు సభ్యునికి 12,000 పణములు మాత్రమే. మంత్రికి నాలుగవపాలు! అది ఆనాటికి తగియుండవచ్చును. పరిషత్తు సలహా చెప్పును, రాజు నిర్ణయించును. సలహా చెప్పువారిలో తరతమములున్నను నిర్ణయము ఒక్కనిదే. నేటి సంఘములలో రాజు లేడు. సభ్యుల ఓట్లే రాజు. నిర్ణయించుటలో సమానులైనవారికి వేతనమున అసమానత నుంచుట, రాజు పోయినను ఆతని పట్టిక నట్టిపెట్టుకొనుటయే యగును.

2023లో ఈ ప్రశ్న మఱియొక రూపమున తలయెత్తినది. ఆ సంవత్సరము ఆగస్టున రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు ప్రకారము మువ్వురు కమిషనరులకును క్యాబినెట్ సెక్రటరీతో సమానమైన జీతము. అప్పుడు క్యాబినెట్ సెక్రటరీ జీతము 2,50,000. సుప్రీముకోర్టు న్యాయమూర్తి జీతమును 2,50,000. మొత్తమున భేదము లేదు. ఐనను పలువురు ఆక్షేపించిరి. ఏలయన సెక్రటరీ ప్రభుత్వమునకు లోబడిన యుద్యోగి, న్యాయమూర్తి లోబడనివాడు. సెక్రటరీ వరుసలో నిలిచిన కమిషనరు మంత్రులకు నోటీసు పంపునపుడు ఆ నోటీసునకు గౌరవ మేపాటి యుండునని వారి ప్రశ్న. డిసెంబరున బిల్లును సవరించి, న్యాయమూర్తితోడి సమానత్వమును మరల నిలిపిరి. డిసెంబరు 21న లోకసభ ఆమోదముతో అది చట్టమగు దారి నెక్కి, 2024 జనవరినుండి అమలులోనికి వచ్చినది. సంఖ్య యొక్కటియే యైనను కొలబద్ద మారిన అర్థము మారునని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. తొలగింపు విషయమందలి పాత భేదము మాత్రము ఈ చట్టమునను అట్లే నిలిచినది. తగవు సగమే తీఱినది.

ఇందుకు విరుద్ధమైన నడకయు నొకటి కలదు. 2005లో సమాచారహక్కు చట్టము వచ్చినపుడు కేంద్ర ప్రధాన సమాచార కమిషనరునకు ప్రధాన ఎన్నికల కమిషనరు జీతమును, ఇతర సమాచార కమిషనరులకు ఎన్నికల కమిషనరు జీతమును నిర్ణయించిరి. 1993 సవరణమువలన ఎన్నికల కమిషనరుల జీతములు సమానములై యుండుటచే, అచ్చటను అందఱకు సమానమే యయ్యెను. ఒక యింట వెలిగించిన దీపము ప్రొరుగింటి వాకిటను వెలుగు నిచ్చినట్లైనది. 2019లో ఆ చట్టమును సవరించి, జీతములను కేంద్రప్రభుత్వమే నిబంధనలచే నిర్ణయించునట్లు చేసిరి. ఆ సంవత్సరము అక్టోబరున వచ్చిన నిబంధనలు ప్రధానునికి 2,50,000, ఇతరులకు 2,25,000 అని విధించినవి. పదవీకాలమును అయిదేండ్లనుండి మూడేండ్లకు తగ్గించినవి. విచిత్రమేమనగా, రాష్ట్ర సమాచార సంఘములలో ఆ నిబంధనలే ప్రధానునికిని ఇతరులకును 2,25,000 అని సమానముగా నిర్ణయించినవి. ఢిల్లీలో భేదము, రాష్ట్రములలో సమానత! రెంటికిని ఒకే సూత్రము లేదనుట స్పష్టము. సూత్రము లేనిచోట ఇచ్చువాని చిత్తమే సూత్రమగును. పుచ్చుకొనువాని దృష్టి ఇచ్చువాని ముఖముపై నిలుచును. తన ఫైలు చూపుమని ప్రభుత్వమును నిలదీయవలసిన అధికారికి ఇది మంచి స్థితి కాదు.

పురుషులకును స్త్రీలకును సమానమైన పనికి సమాన వేతన ముండవలెనని రాజ్యాంగము 39వ అధికరణమున ఆదేశించినది. 1976లో అందుకై పార్లమెంటు చట్టము చేసినది. 1982లో ఢిల్లీ పోలీసు శాఖలో కారు నడపు ఒక కానిస్టేబులు, ఇతర శాఖలలోని డ్రైవరులతో తనకు సమాన జీతము కావలెనని సుప్రీముకోర్టుకెక్కగా, సమాన పనికి సమాన వేతనము రాజ్యాంగ లక్ష్యమేయని కోర్టువారు ఆతనికి న్యాయము చేసిరి. కానిస్టేబులునకు చెల్లిన న్యాయము కమిషనరునకు చెల్లకపోవునా? పాఠశాలలను చూచినను ఇదియే బోధపడును. ఉపాధ్యాయుని యింట కాపురము చేయుదాన నగుట నాకిది ప్రత్యక్షము. ఒకే తరగతికి ఒకే గంటసేపు పాఠము చెప్పు ఇరువురిలో ఒకరు స్థిరోద్యోగి, ఒకరు తాత్కాలికముగా వచ్చిన విద్యావలంటీరు. రెండవవారి జీతము మొదటివారి జీతములో చిన్నపాలు. పిల్లలకు పరీక్షలు ఎట్లు పెట్టవలెనని ఉపాధ్యాయులు కూర్చుండినపుడు ఆ రెండవవారు, ఎక్కువగా ఆడపిల్లలే, తలయూపుదురు. పిల్లల స్థితి అందఱికంటె బాగుగ నెఱిగినది వారే యైనను, వారి నోటినుండి మాట రాదు. నష్టము వారిది మాత్రమే కాదు, మన పిల్లలది.

ఐనను వేతన మొక్కటియే సర్వరోగనివారిణి యని నేను చెప్పను. మన రెండు తెలుగు రాష్ట్రములందును గ్రామపంచాయతులలో సగము స్థానములు స్త్రీలవి. సర్పంచి స్త్రీయైనను పురుషుడైనను గౌరవవేతనము ఒక్కటే. చట్టమున వెండ్రుకవాసి భేదము లేదు. ఐనను ఎన్ని యూళ్లలో సర్పంచిగారి కుర్చీయందు ఆమె భర్త కూర్చుండుట లేదు? సంతకము ఆమెది, మాట ఆయనది. జీతము సమానమై మాట సమానము కానిచోట ఆ జీతము ఉత్త అలంకారము. కావున మూడును ఉండవలెను: సమానమైన వేతనము, సమానమైన పదవిరక్షణము, ఆ పీఠమున కూర్చుండినవారికి నోరు విప్పు ధైర్యము. మొదటి రెండును చట్టము ఈయగలదు. మూడవది ఇంటిలో పెరుగవలసినది.

మన చేతిలో నున్న పనియు కొంత కలదు. మన పొదుపుసంఘములలోను, పాఠశాల తల్లిదండ్రుల కమిటీలలోను, దేవాలయ సంఘములలోను సభ్యురాండ్రమై యున్నవారు తమ సంఘపు పద్ధతిని ఒకసారి పరీక్షింపవలెను. అధ్యక్షురాలు బ్యాంకునకు పోయివచ్చు బస్సుఖర్చు ఆమె కీయుడు, అది న్యాయము. కాని అప్పు ఎవరికీయవలెనను తీర్మానమున ఆమె ఓటు ఒకటే, కట్టకడపట చేరిన సభ్యురాలి ఓటును ఒకటే యని పుస్తకమున వ్రాసియుంచుడు. అభిప్రాయభేదము వచ్చినపుడు ఎవరెవరు ఏమనిరో అదియు వ్రాయుడు. ఓడిన మాటకును పుస్తకమున చోటుండిన, మఱునాడు ఆ సభ్యురాలు మరల మాటలాడును.

ఎన్నికల తేదీలు ప్రకటించు దినమున టెలివిజనులో ముగ్గురు పెద్దలు బల్ల ముందు వరుసగా కూర్చుండుట మనము చూచుచుందుము. నడుమనున్నవారే అన్నియు చెప్పుదురు. ప్రక్కవారు తఱచుగా మౌనముగా నుందురు. వారు ఊరక కూర్చుండినవారు కారనియు, లోపల తలుపులు మూసి విచారించునపుడు వారిలో ఒక్కొక్కరి మాటయు నడుమవారి మాటంత బరువు గలదనియు, అందుకు గుర్తుగనే వారికిని ఆయనకును జీతము ఒక్కటిగా నున్నదనియు మన పిల్లలకు చెప్పుదుము గాక. ఆడపిల్లలకు మఱియు ముఖ్యముగా చెప్పవలెను. ఏలయన ఆ మూడు కుర్చీలలో నొకటి వారికొఱకు చాలకాలముగా వేచియున్నది.